బైబిల్ ఎందుకు తెరుస్తున్నాం? దేవుణ్ణి తెలుసుకోవడానికి చదివేవారికి ఒక సమగ్ర మార్గదర్శి

మన క్రైస్తవ కుటుంబాల్లో బైబిల్ చదవడం కొత్త సంగతేమీ కాదు. పొద్దున్నే కాఫీకి ముందు ఒక కీర్తన చదివేవాళ్లున్నారు. ఏడాదిలో మొత్తం పూర్తి చేయాలని జనవరి ఒకటిన ఆదికాండం మొదలుపెట్టేవాళ్లున్నారు. ఫోన్‌లో వచ్చే రోజువారీ వాక్యం చూసి, స్టేటస్‌లో పెట్టి, పనిలో పడేవాళ్లూ ఉన్నారు. చదివేవాళ్లకు కొదవ లేదు. కానీ "ఈ ఏడాది చదివినదాంట్లో దేవుడి గురించి మీకు కొత్తగా ఏం తెలిసింది?" అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. చదివినంత మాత్రాన ఆయన్ను ఎరిగినట్టు కాదని అప్పుడు అర్థమవుతుంది.

బైబిల్ ముందుగా దేవుడు ఎలాంటివాడో, యేసు క్రీస్తులో మనకోసం ఏం చేశాడో చెప్పే గ్రంథం. ఆ సంగతి కోసం చదివేవారికి ఆదరణ, బుద్ధి, దారి కూడా అందులోనే దొరుకుతాయి. కేవలం ఆదరణ కోసమో దారి కోసమో తెరిస్తే మనకు నచ్చిన వచనాలే కళ్లకు కనబడతాయి, మిగతావన్నీ దాటిపోతాం. ఈ వ్యాసంలోని అడుగులన్నీ ఈ ఒక్క నమ్మకం మీద నిలబడ్డవే.

మొదటి అడుగు: ఉద్దేశాన్ని నిజాయితీగా తేల్చుకోండి

యోహాను సువార్త 5వ అధ్యాయంలో యేసు తనను వ్యతిరేకిస్తున్న యూదులతో ఒక కఠినమైన మాట అంటాడు. "లేఖనములయందు మీకు నిత్యజీవము కలదని తలంచుచు వాటిని పరిశోధించుచున్నారు, అవే నన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నవి." ఆ వెంటనే, ఆ జీవం కోసం మీరు నా దగ్గరికి మాత్రం రావడానికి ఇష్టపడరు అంటాడు (5:39-40). ఆయన ఎదుట ఉన్నవాళ్లు చదవడంలో బద్ధకస్తులు కాదు. లేఖనాలను గౌరవించి, వాటి గురించి వాదించి, వాటి ప్రకారం విశ్రాంతి దినాన్ని కచ్చితంగా ఆచరించినవాళ్లు. అంత చదివినవాళ్లే, లేఖనాలు ఎవరిని చూపిస్తున్నాయో ఆయన్ను ఎదురుగా పెట్టుకుని గుర్తుపట్టలేకపోయారు. అది మనకూ జరగవచ్చు.

కాబట్టి పేజీ తిప్పకముందు మనల్ని మనం అడగాలి: నేను ఇప్పుడు దేనికోసం తెరుస్తున్నాను?

కొందరిని నడిపించేది భయం. ఈ రోజు చదవకుండా బయటికి వెళ్తే ఏదైనా అవుతుందేమోనన్న టెన్షన్. పీడకలలు రాకుండా బైబిల్‌ను తలగడ కింద పెట్టుకుని పడుకోవడం మన దగ్గర చాలా ఇళ్లలో చూస్తాం. పుస్తకం మీద ఉన్న గౌరవం మంచిదే, కానీ మూసిన పుస్తకం మీద పెట్టుకునే ఆ నమ్మకానికీ తాయెత్తు మీద నమ్మకానికీ పెద్ద తేడా లేదు. ఇంకొందరికి లెక్క ముఖ్యం. ఈ ఏడాది ఎన్నిసార్లు పూర్తి చేశాం, ఈ రోజు ఎన్ని అధ్యాయాలు అయ్యాయి అని చూసుకుంటారు. మరికొందరు ఎదుటి సంఘం వాళ్లతో బాప్తిస్మం గురించో, విశ్రాంతి దినం గురించో వాదించడానికి వచనాలు ఏరుకుంటారు. పాస్టర్లకూ సండే స్కూల్ టీచర్లకూ ఇంకో శోధన ఉంది. ఏ భాగం చదివినా "దీన్ని ఆదివారం ఎలా చెప్పాలి" అన్న ఆలోచనే ముందు వస్తుంది. వాళ్ల ఆత్మకు ఆ వాక్యం చేరకుండానే మైకులోంచి బయటికి వెళ్లిపోతుంది. ఈ చివరి ప్రమాదం అన్నింటికంటే పెద్దదని నా అభిప్రాయం, ఎందుకంటే బయటికి అది సేవలాగే కనబడుతుంది.

సరైన ఉద్దేశం ఏమిటో లేఖనమే చెబుతోంది. పౌలు తిమోతికి రాస్తూ, లేఖనాలు క్రీస్తుయేసునందు ఉంచిన విశ్వాసం ద్వారా రక్షణకు కావలసిన జ్ఞానాన్ని ఇస్తాయని మొదట అంటాడు. ఆ తర్వాత అవి ఉపదేశించడానికీ, ఖండించడానికీ, తప్పు దిద్దడానికీ, నీతిలో శిక్షణ ఇవ్వడానికీ ప్రయోజనకరమని, చివరికి దైవజనుణ్ణి ప్రతి మంచి పనికీ సిద్ధం చేస్తాయని చెబుతాడు (2 తిమోతి 3:15-17). ఈ జాబితాలో ఖండించడం, తప్పు దిద్దడం కూడా ఉన్నాయని గమనించండి. నెలల తరబడి చదువుతున్నా వాక్యం మనల్ని ఒక్కసారి కూడా గద్దించలేదంటే, మనం అనుకూలమైన చోట్లే తిరుగుతున్నామని అర్థం.

బైబిల్ మొదటి పేజీలో ఒక చిన్న కాగితం పెట్టుకుని, "ప్రభువా, నిన్ను తెలుసుకోవడానికి, నువ్వు చెప్పింది చేయడానికి చదువుతున్నాను" అని మీ సొంత మాటల్లో రాసుకోండి. చదివే ముందు రోజూ అది కంట పడాలి.

రెండో అడుగు: అడిగి తెరవండి

ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. 119వ కీర్తన రాసినవాడికి ధర్మశాస్త్రం చేతిలోనే ఉంది, అయినా "ఆశ్చర్యమైన సంగతులను చూచునట్లు నా కన్నులు తెరువుము" అని వేడుకున్నాడు (18వ వచనం). అదే కీర్తన 36వ వచనంలో, లోభం వైపు కాకుండా నీ శాసనాల వైపు నా హృదయాన్ని తిప్పమంటాడు. కళ్లు తెరవమని, మనసు తిప్పమని రెండు వాక్యాలు అడిగితే చాలు. ప్రార్థన పొడుగు ముఖ్యం కాదు. ఫోన్‌లో చదివేవాళ్లు మాత్రం ప్రార్థనకు ముందే ఇంటర్నెట్ ఆపేయండి. వాట్సాప్ మెసేజ్ పైనుంచి జారుతూ వస్తే దృష్టి అటే పోతుంది.

మూడో అడుగు: పేజీ కాదు, పుస్తకం ఎంచుకోండి

కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడిన వచనాన్ని దేవుడి మాటగా తీసుకునే అలవాటు ఉంటే దయచేసి మానండి. దేవుడు ఏ విధంగానైనా మాట్లాడగలడు, సందేహం లేదు. కానీ ఆయన మనకు ఇచ్చింది విడివిడి చీటీలు కాదు. ఆదికాండం ఒక చరిత్ర, యెషయా ఒక ప్రవచన గ్రంథం, ఫిలిప్పీయులకు రాసింది ఒక ఉత్తరం. ఇంట్లోవాళ్లు రాసిన ఉత్తరాన్ని మధ్యలో ఒక్క లైను చదివి మడిచి పెట్టం కదా.

ప్రొటెస్టంట్ బైబిల్లో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు ఉన్నాయి. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. ఓపిక ఉన్నవాళ్లు తప్పకుండా చేయండి, మొత్తం కథ ఒకసారి కళ్లముందు కదలడం గొప్ప మేలు. కానీ కొత్తవాళ్లు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. ఆదికాండం ఉత్సాహంగా సాగుతుంది, నిర్గమకాండంలో ఎర్రసముద్రం, పది ఆజ్ఞల వరకూ బాగుంటుంది, 25వ అధ్యాయంలో ప్రత్యక్షపు గుడారం కొలతలు మొదలయ్యేసరికి వేగం తగ్గుతుంది, లేవీయకాండంలో పుస్తకం మూతపడుతుంది. ఫిబ్రవరిలో ఆగిపోయిన ఆ చదువు మళ్లీ వచ్చే జనవరికే మొదలవుతుంది.

మొదటిసారి శ్రద్ధగా చదవాలనుకునేవారికి నేను చెప్పేది మార్కు సువార్త. 16 అధ్యాయాలే. గట్టిగా చదివినా గంటన్నర పడుతుంది. తెలుగువాళ్లకు దానితో పాత బంధం కూడా ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన విశ్వాసి సహాయంతో అనువాదానికి పూనుకున్నారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికే ఆ మిషనరీలిద్దరూ చనిపోయారు. అచ్చులో మన భాషలో మనవాళ్ల చేతికి ముందుగా వచ్చిన సువార్తల్లో మార్కు ఒకటన్నమాట.

భాష గురించి ఒక మాట. మన ఇళ్లలో ఉండే పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది. పెద్దలకు ఆ మాటలు కంఠతా వచ్చు, పిల్లలకు సగం అర్థం కాదు. వాడుక భాషలో వచ్చిన అనువాదాలు పుస్తకంగానూ, యాప్‌లలోనూ దొరుకుతున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకోండి. వాడుక భాషలో చదివితే భక్తి తగ్గిపోతుందన్న భయం అనవసరం. అర్థం కాకుండా చదవడమే నష్టం.

నాలుగో అడుగు: అక్కడ ఉన్నదాన్ని చూడండి

ఇది నెమ్మదిగా చేయాల్సిన అడుగు. మార్కు 4:35-41 తీసుకుందాం, అందరికీ తెలిసిన తుఫాను ఘట్టం. దీన్ని వినగానే మనకు వచ్చే ఆలోచన "నా జీవితంలో తుఫానులు" అని. అప్పులు, జబ్బులు, పెళ్లి సంబంధాలు, వీసా. ఆ ఆలోచనను కాసేపు పక్కన పెట్టి, మార్కు ఏం రాశాడో మాత్రమే చూడండి.

అద్దరికి వెళ్దామని చెప్పింది యేసే. అంటే శిష్యులు ఆయన మాట విన్నందువల్లే ఆ తుఫానులోకి వచ్చారు. కష్టం వచ్చిందంటే ఎక్కడో అవిధేయత ఉందని తొందరపడి చెప్పేవాళ్లు ఈ ఒక్క విషయం గమనిస్తే చాలు. ఆయన వెంట ఇంకా కొన్ని దోనెలు ఉన్నాయి. ఆయన పడవ వెనక భాగంలో, తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ తలగడ సంగతి చెప్పింది మార్కు ఒక్కడే. నిద్రపోయేంతగా అలసిన నిజమైన మనిషి ఆయన. శిష్యులు లేపుతూ అన్నది "మమ్మల్ని కాపాడు" అని కాదు, "నీకు చింతలేదా" అని. ఆయన లేచి గాలిని గద్దిస్తాడు, సముద్రంతో మాట్లాడతాడు, అంతా సద్దుమణుగుతుంది.

ఇప్పుడు చివరి వచనం చూడండి. గాలి ఆగాక శిష్యులు ఊపిరి పీల్చుకున్నారని మార్కు రాయలేదు. "మిక్కిలి భయపడి" అని రాశాడు. ప్రమాదం పోయాక భయం ఎందుకు? "ఈయన ఎవరో; గాలియు సముద్రమును ఈయనకు లోబడుచున్నవి" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. కీర్తనలు తెలిసిన యూదులు వాళ్లు. 107వ కీర్తనలో ఓడ ఎక్కినవాళ్లు కష్టంలో మొరపెడితే తుఫానును ఆపేది యెహోవా. ఇప్పుడు ఆ పని చేసినవాడు తమ పడవలోనే ఉన్నాడు.

మార్కు మనల్ని తీసుకెళ్లిన చోటు ఆ ప్రశ్నే: ఈయన ఎవరు? మొదటి వచనంలోనే దేవుని కుమారుడని చెప్పి, 8వ అధ్యాయంలో "మీరైతే నేను ఎవడనని చెప్పుచున్నారు" అని యేసు చేతనే అడిగించి, 15:39లో సిలువ దగ్గర నిలబడిన శతాధిపతి నోట "నిజముగా ఈ మనుష్యుడు దేవుని కుమారుడే" అనిపించేవరకూ పుస్తకమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. తుఫాను ఘట్టం మన కష్టాలకు ఆదరణ ఇవ్వదా? ఇస్తుంది. ఆ ఆదరణ "నా తుఫాను రేపు ఆగుతుంది" అన్నది కాదు. పడవలో ఉన్నవాడు ఎవరో తెలిశాక, ఆగినా ఆగకపోయినా నిలబడగలిగే ధైర్యం అది.

ఏ భాగానికైనా ఇదే పద్ధతి. ఒక నోట్‌బుక్‌లో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది, అనుకోనిది ఏం జరిగింది అని రాసుకోండి. ఆ తర్వాత మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే ఉండాలి: ఇక్కడ దేవుడు ఎలాంటివాడని కనబడుతోంది? "నాకేంటి" అన్న ప్రశ్న రెండోది. ఈ వరుస తారుమారైతే చదువంతా మన చుట్టూనే తిరుగుతుంది.

ఐదో అడుగు: వచనాన్ని దాని ఇంట్లో ఉంచి చదవండి

బైబిల్ రాసినవాళ్లు వచనాలకు అంకెలు వేయలేదు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు చేర్చినవి. వెతుక్కోవడానికి అవి ఎంతో ఉపయోగం. కానీ అంకె వేసిన ప్రతి ముక్కా విడిగా నిలబడే వాగ్దానమని అనుకునే అలవాటు కూడా వాటితోనే వచ్చింది.

డిసెంబర్ 31 రాత్రి మన సంఘాల్లో జరిగే ఆరాధన గుర్తు చేసుకోండి. పన్నెండు దాటాక వాగ్దాన కార్డులు పంచుతారు, లేదా పళ్లెంలోంచి ఒక్కొక్కరూ తీసుకుంటారు. ఎవరికి ఏం వచ్చిందో చూసుకుంటారు, ఇంటికి తెచ్చి బీరువాకో ఫ్రిజ్‌కో అంటిస్తారు. ఏడాదంతా ఒక వాక్యం కళ్లముందు ఉండడం మంచి విషయమే, దాన్ని నేను తప్పుపట్టను. ఆ కార్డు మీద తరచుగా కనబడే వచనం యిర్మీయా 29:11: "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును", అవి సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అని సాగే మాట. దాన్ని అందుకున్న తమ్ముడు ఈ ఏడాది ఉద్యోగం వస్తుందనుకుంటాడు, అక్క పెళ్లి కుదురుతుందనుకుంటుంది. డిసెంబర్‌కి ఏదీ జరగకపోతే లోపల ఒక ప్రశ్న మిగులుతుంది: దేవుడు మాట తప్పాడా, లేక నా విశ్వాసం చాలలేదా?

అధ్యాయం మొత్తం చదివితే ఆ ప్రశ్నే రాదు. అది యిర్మీయా యెరూషలేము నుంచి బబులోనుకు పంపిన ఉత్తరం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యూదా రాజునూ, పెద్దలనూ, చేతిపనివాళ్లనూ చెరపట్టుకుపోయాడు. ఊరుగాని ఊళ్లో ఉన్న వాళ్లకు ఒక్కటే ఆశ: ఎప్పుడు తిరిగి వెళ్తాం? సరిగ్గా ఆ ఆశకు తగినట్టే, ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ, బబులోనుకు లోబడాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కాడిని విరిచి, రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని యెహోవా పేరు మీద చెప్పాడు. జనానికి ఎంత నచ్చిన మాటో ఊహించండి. అది అబద్ధం. ఆ ఏడాదే హనన్యా చనిపోయాడు.

అప్పుడు వస్తుంది యిర్మీయా ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి. తోటలు వేసుకుని వాటి ఫలాలు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి. మిమ్మల్ని చెరగా తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థించండి. మీరు కోరుకునే కలలు చెప్పే ప్రవక్తల మాట వినకండి. 70 ఏళ్లు నిండాక నేను మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను (29:4-10). ఆ 70 ఏళ్ల మాట పలికిన వెంటనే 11వ వచనం వస్తుంది. ఉత్తరం విన్న నలభై ఏళ్ల మనిషి ఆ తిరుగు ప్రయాణం చూడడు, అతని మనవలు చూస్తారు. దేవుడి ఉద్దేశం మంచిదే, కానీ అది అతని జీవితకాలం కంటే పెద్దది. 12, 13 వచనాల్లో ఆ ఉద్దేశం ఎక్కడికి చేరుతుందో కూడా ఉంది: మీరు పూర్ణమనసుతో నన్ను వెదకితే నన్ను కనుగొంటారు. అంటే వాగ్దానంలోని అసలు బహుమానం ఆయనే.

ఇలా చదివాక వచనం చిన్నదవుతుందా? నాకు తెలిసి ఇంకా బరువెక్కుతుంది. దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేస్తూ శుక్రవారం తెలుగు కూటానికి వెళ్లే అన్నకు, "ఎప్పుడు ఇంటికి వెళ్తానో" అని ఏళ్లు లెక్కపెట్టుకునే అమ్మకు ఈ అధ్యాయం ఎంత దగ్గరగా మాట్లాడుతుందో చూడండి. ఇక్కడే మంచిగా బతుకు, ఈ ఊరి మేలు కోరుకో, నేను నిన్ను మరచిపోలేదు. ఉద్యోగం వస్తుందన్న చీటీ కంటే ఇది ఎంతో గట్టి మాట.

హాల్ టికెట్ మీద రాసుకునే ఫిలిప్పీ 4:13 కూడా ఇంతే. "సమస్తమును చేయగలను" అన్నది పరీక్షలో మార్కుల గురించి కాదు. చెరసాలలో ఉన్న పౌలు, కడుపు నిండినా ఆకలితో ఉన్నా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానని చెప్పి రాసిన మాట అది. పైన రెండు వచనాలు చదివితే తెలిసిపోతుంది. ఒక నియమం పెట్టుకోండి: అధ్యాయమైనా పూర్తిగా చదవకుండా ఏ వచనాన్నీ వాగ్దానంగా పట్టుకోవద్దు.

ఆరో అడుగు: క్రీస్తు వైపు దారి వెతకండి, బలవంతంగా వేయకండి

పునరుత్థానమైన రోజు ఎమ్మాయు దారిలో యేసు ఇద్దరు శిష్యులకు మోషే మొదలుకొని ప్రవక్తలందరి దాకా తన గురించిన సంగతులను వివరించాడు (లూకా 24:27). కాబట్టి పాత నిబంధనను ఆయన్ను చూపే గ్రంథంగానే చదవాలి.

దావీదు గొల్యాతు కథ తీసుకోండి. దావీదు ఏరిన ఐదు రాళ్లకూ ఒక్కో పేరు పెట్టి, మొదటిది ప్రార్థన, రెండోది విశ్వాసం అని చెప్పే ప్రసంగాలు చాలా విన్నాం. వినడానికి బాగుంటాయి, కానీ 1 సమూయేలు 17లో ఆ సంగతి ఎక్కడా లేదు. అక్కడ ఉన్నది ఇది: ఇశ్రాయేలు సైన్యమంతా వణికిపోతోంది. ముందు అధ్యాయంలోనే అభిషేకం పొందిన ఒక్కడు వాళ్లందరి తరఫున నిలబడి గెలిచాడు. ఆ గెలుపు యుద్ధం చేయని వాళ్లందరిదీ అయింది. యుద్ధం యెహోవాదే అని దావీదే చెప్పాడు. ఆ కథలో మనం దావీదు స్థానంలో కంటే వణుకుతున్న సైనికుల స్థానంలోనే ఎక్కువ సరిపోతాం. మత్తయి తన సువార్తను "దావీదు కుమారుడైన యేసు క్రీస్తు" అని ఎందుకు మొదలుపెట్టాడో అప్పుడు తెలుస్తుంది.

లేవీయకాండం దగ్గర ఆగిపోయేవాళ్లకు ఒక ఉపాయం. 16వ అధ్యాయం, అంటే ప్రాయశ్చిత్త దినం చదివి, వెంటనే హెబ్రీయులకు రాసిన పత్రిక 9, 10 అధ్యాయాలు చదవండి. ఏటేటా తిరిగి చేయాల్సిన ఆ అర్పణలు దేనికోసం ఎదురుచూశాయో కనబడుతుంది. ఆ తర్వాత మిగతా లేవీయకాండం అంత పొడిగా అనిపించదు.

ఏడో అడుగు: ఒక్క పనైనా చేయండి

"వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ" అంటాడు యాకోబు (1:22). చదివి చేయకపోతే మోసపోయేది మనమే.

"ఇంకా ఎక్కువగా ప్రేమించాలి", "విశ్వాసంలో ఎదగాలి" లాంటి తీర్మానాలు రాసుకుంటే సాయంత్రానికి మిగలవు. పేరు, రోజు, పని ఉండేలా రాయండి. లేవీయకాండం 19:13లో కూలివాడి కూలి మరుసటి ఉదయం దాకా నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది. ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం పదో తారీఖు దాకా సాగదీస్తుంటే, ఆ రోజే ఇచ్చేయడమే ఆ రోజు ధ్యానం. ఎవరితోనైనా మాటలు లేకపోతే, ఒకరినొకరు క్షమించమనే ఎఫెసీ 4 చదివిన రోజు ఫోన్ చేయాలి.

మన సంఘాలకు కష్టమైన ఒక భాగం ఉంది, దాన్ని దాటి పోకూడదు. యాకోబు 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టల పేదవాడికి "అక్కడ నిలువుము" అన్న మాట. ఊళ్లో పెద్దమనిషి వస్తే ముందు వరుసలో కుర్చీ వేసి, కూలి చేసుకునే పెద్దాయన్ను చాప మీద వెనక్కి జరగమనడం మనం చూడలేదా? సంబంధం వెతికేటప్పుడు "మన సంఘం" అనే మాట వెనక కులం దాగి ఉండడం మనకు తెలియదా? యూదులకూ అన్యజనులకూ నడుమ ఉన్న మధ్యగోడను క్రీస్తు పడగొట్టాడని ఎఫెసీ 2:14 చదివి ఆమేన్ అన్నాక, ఆ గోడను పెళ్లి మాటల దగ్గర మళ్లీ కట్టడం వాక్యానికి ఎదురు తిరగడమే. సరైన ఉద్దేశంతో చదివేవాడికి ఈ చోట నొప్పి కలగాలి. కలిగితే వాక్యం పనిచేస్తోందని అర్థం.

చేయడం రక్షణ సంపాదించుకోవడానికి కాదని కూడా మరవకండి. తప్పు బయటపడిన చోటే క్షమాపణ కూడా ఉంది. ఒప్పుకుని, కృతజ్ఞతతో లేచి, ఆ పని చేయండి.

ఎనిమిదో అడుగు: నలుగురితో కలిసి చదవండి

పౌలు పత్రికలను మొదట చాలామంది చదవలేదు, విన్నారు. ప్రకటన గ్రంథం మొదట్లోనే చదివేవాడూ వినేవాళ్లూ ధన్యులని ఉంది (1:3). మన ఊళ్లలో అక్షరం రాని అమ్మమ్మలు ఎందరో వినడం వల్లే వాక్యంలో ఎదిగారు. కుటుంబ ప్రార్థనలో ఇంటర్ చదివే మనవడు ఒక భాగం గట్టిగా చదివి, నానమ్మను "నీకేం అనిపించింది?" అని అడిగితే, అతనికి తోచనిది ఆమె చెబుతుంది. తెలుగు ఆడియో బైబిల్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, కళ్లు సరిగా కనబడనివారికి పెట్టి ఇవ్వండి.

బెరయ ఊరివాళ్లు పౌలు బోధను ఆసక్తితో విన్నారు, అది నిజమో కాదో లేఖనాల్లో రోజూ పరిశోధించారు (అపొస్తలుల కార్యములు 17:11). సాక్షాత్తు పౌలునే పరీక్షించారు, అందుకు మెచ్చుకోబడ్డారు. కాబట్టి యూట్యూబ్‌లో ఎంత పేరున్న బోధకుడు చెప్పినా, వచనం తీసి, ముందూ వెనకా చదివి చూడండి. అలా చూడడం అగౌరవమేమీ కాదు. అలాగే మన సొంత అభిప్రాయాన్ని కూడా సంఘంలోని పెద్దల ముందు పెట్టాలి. ఎవరికీ తోచని కొత్త అర్థం నాకొక్కడికే తోచిందంటే, ముందు నన్ను నేనే అనుమానించుకోవాలి.

పొడిగా ఉన్న రోజులు, అర్థం కాని చోట్లు, తప్పిపోయిన దినాలు

చదువుతున్నా ఏమీ తగలని వారాలు వస్తాయి. అది పాపమని కంగారుపడకండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అదీ లేఖనమే, అదీ ప్రార్థనే. అలాంటప్పుడు తక్కువ చదవండి, గట్టిగా చదవండి, కీర్తనను మీ ప్రార్థనగా పలకండి.

యెహోషువలోని యుద్ధాలు, 137వ కీర్తన చివరి మాటలు మనల్ని కలవరపెడతాయి. తొందరపడి తేలిక జవాబు అతికించకండి. ప్రశ్నను నోట్‌బుక్‌లో తేదీతో రాసి, పాస్టర్ గారినో అనుభవమున్న విశ్వాసినో అడగండి. పౌలు పత్రికల్లో గ్రహించడానికి కష్టమైనవి ఉన్నాయని పేతురే రాశాడు (2 పేతురు 3:16). స్పష్టంగా ఉన్నదానికి లోబడుతూ, అర్థం కానిదాని కోసం వేచి ఉండవచ్చు.

కొన్ని రోజులు తప్పిపోతే బాకీ తీర్చినట్టు ఒకే పూట పది అధ్యాయాలు పరుగెత్తకండి. ఆగిన చోటు నుంచి మామూలుగా సాగండి. ఏడాది పథకం రెండేళ్లు పట్టినా నష్టం లేదు.

ఇక మొదలుపెట్టడమే. ఈ ఆదివారం మధ్యాహ్నం మార్కును ఒక్క విడతలోనో రెండు విడతల్లోనో మొత్తం చదవండి, నోట్‌బుక్ లేకుండా. సోమవారం నుంచి 1:1-15తో మొదలుపెట్టి రోజుకు ఒకటి రెండు ఘట్టాలు, నోట్‌బుక్‌తో. ప్రతి రోజూ రెండే వాక్యాలు రాయండి: ఈ రోజు యేసు ఎలాంటివాడని చూశాను, ఈ రోజు ఏం చేస్తాను. 8:29 దగ్గరికి వచ్చాక ఒక రోజు ఆగి, రాసినవన్నీ మళ్లీ చదివి, పేతురు ఇచ్చిన జవాబు పక్కన మీ జవాబు రాయండి. 16వ అధ్యాయం అయ్యాక ఆదికాండం తెరవండి. అక్కడినుంచి నిర్గమకాండం 20 దాకా, ఆపైన 32 నుంచి 34 అధ్యాయాలు, తర్వాత లూకా, అపొస్తలుల కార్యములు. సాయంత్రాల్లో ఒక్కో కీర్తన ఇంట్లోవాళ్లతో కలిసి.